ఆమె సంతకం ఎక్కడ?

పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి గేటు నుంచి కరీంనగర్ మాతా శిశు ఆరోగ్య కేంద్రం దాకా నూట అరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పాతబస్తీ ఇరుకు దాటి, మూసీ దాటి, సికింద్రాబాద్ మీదుగా ఊరు విడిస్తే శామీర్‌పేట దగ్గర్నుంచి రాజీవ్ రహదారి విశాలమవుతుంది. ఆపైన ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, పత్తి చేలూ వరి మళ్ళూ, చివరికి మానేరు వంతెన. దారి పొడుగునా ఏ చిన్న పట్టణంలో ఆగినా ప్రసూతి ఆస్పత్రుల బోర్డులూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులూ పోటీ పడుతుంటాయి. గర్భిణులను చెకప్‌కు తీసుకెళ్ళి మళ్ళీ ఇంటి దగ్గర దింపే 102 అమ్మ ఒడి బండ్లు రోడ్డు మీద ఎదురవుతుంటాయి. పేట్లబుర్జు గేటు బయట చాపలు పరుచుకుని, ఫ్లాస్కులూ టిఫిన్ క్యారియర్లూ పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, కరీంనగర్ ఆస్పత్రి బయట కూర్చున్నవాళ్ళు ఒకే ప్రశ్నతో ఎదురుచూస్తుంటారు: లోపల ఏం జరుగుతోంది, చెప్పేదెవరు? ఈ దారి మీద గుళ్ళ గురించీ చెరువుల గురించీ రాయొచ్చు. కాన్పుల గురించి రాయాలనుకోవడానికి కారణం ఉంది. పెద్దాపరేషన్లతో బిడ్డలు పుట్టడంలో తెలంగాణ రాష్ట్రానిది దేశంలోనే మొదటి స్థానం.

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. చిన్న విజయం కాదిది. ఒక తరం కిందట ఇంటి మూల గదిలో, మసక వెలుతురులో ప్రాణాలు పోగొట్టుకున్న తల్లుల గురించి విన్న ఎవరూ దీన్ని తక్కువ చేయలేరు. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43కి దిగాయి. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద ఆ అంకె 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 ఉండగా, డబ్బు ఆశ లేని ప్రభుత్వాస్పత్రుల్లో కూడా 44.5 ఉంది. ఈ చివరి అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రైవేటు వాళ్ళ అత్యాశ అని ఒక్క ముక్కలో తేల్చేసే వాదన ఇక్కడ చెల్లదు. జనాభా స్థాయిలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణదానం. అవసరం లేని చోట మాత్రం అది కోత, కుట్లు, రక్తస్రావం, ఆలస్యంగా కోలుకోవడం. తర్వాతి కాన్పులో మాయ గర్భసంచి గోడకు అతుక్కుపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది మన దగ్గర దాదాపు రివాజయింది.

ప్రభుత్వాస్పత్రి లేబర్ రూమ్‌లో రాత్రిపూట పరిస్థితి ఎలా ఉంటుందో తెలిస్తే 44.5 అనే అంకె అంత వింతగా అనిపించదు. తొలి చూలు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి సాగుతాయి. డ్యూటీ డాక్టర్ ఆ రాత్రి థియేటర్‌లో ఒక కేసు చేస్తూ, వార్డులో ఇంకో కేసు చూస్తూ, రిఫర్ అయి వచ్చిన మూడోదాన్ని చేర్చుకుంటూ ఉంటుంది. స్టాఫ్ నర్సు నాలుగైదు మంచాల మధ్య సెలైన్లు ఎక్కిస్తూ, కేస్ షీట్లు నింపుతూ, మందుల లెక్క రాస్తూ తిరుగుతుంది. నొప్పులు పడుతున్న మనిషి పక్కన ఎక్కువసేపు ఉండేది ఆయా. ఆమెకు అనుభవం ఉంటుంది గానీ అధికారం ఉండదు. అంటే అక్కడ అందరూ ఉన్నారు, ఆ పన్నెండు గంటలకు బాధ్యురాలు మాత్రం లేదు. బాధ్యురాలు లేని గంటలను ఎవరైనా తొందరగా ముగించాలనే చూస్తారు. నొప్పుల ఇంజక్షన్‌తో మొదలై, బిడ్డ గుండె చప్పుడులో తేడా వచ్చిందన్న అనుమానం మీదుగా, ‘ఇంక తట్టుకోలేను, ఆపరేషన్ చేసెయ్యండి మేడం’ అనే మాట దాకా వెళ్ళే దారి చాలా చిన్నది. ఆ దారిలో డాక్టర్ను గానీ నర్సును గానీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గంటలు ఎవరి వృత్తి అన్నదే నా ప్రశ్న. అవి కాన్పులు చూడడానికే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ వృత్తి అని నా జవాబు. మిడ్‌వైఫ్‌కు తనదైన వృత్తి, తనదైన హద్దు, కాగితం మీద తనదైన సంతకం ఉన్నచోటే ఆమె డాక్టర్‌తో, మత్తు డాక్టర్‌తో, పిల్లల డాక్టర్‌తో, ఆయాతో నిజంగా కలిసి పనిచేయగలదు. ఆ గుర్తింపు లేనిచోట జట్టు ఉండదు. చెప్పేవాళ్ళూ చేసేవాళ్ళూ మాత్రమే ఉంటారు.

ఈ గుర్తింపు కొత్తగా పుట్టించాల్సిందేమీ కాదు. ఒకప్పుడు ఉండేది, తర్వాత పోయింది. రాజీవ్ రహదారికి ఇరువైపులా ఉన్న పల్లెల్లో డెబ్భై ఎనభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో చాలామంది మంత్రసాని చేతుల మీదుగా పుట్టినవాళ్ళే. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పగలిగిన ఆ చేతికి ఊళ్ళో పేరు ఉండేది. పురుడు పోసినందుకు చీరో, చాటెడు బియ్యమో ముట్టేవి. కులం పేరు మీద చిన్నచూపు కూడా అంతే ఉండేది. పరిశుభ్రత తెలియక, రక్తస్రావం ఆపడం చేతకాక ప్రాణాలు పోయిన మాటా నిజమే. కాబట్టి పాత రోజుల్ని పొగడడంలో అర్థం లేదు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ కూడా మనకు కొత్త కాదు. తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ప్రసూతి ఆస్పత్రికి అనుబంధంగా పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలైంది. 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చి వాళ్ళ పేర్లు రిజిస్టర్లోకి ఎక్కాయి. స్వాతంత్ర్యం తర్వాత మిడ్‌వైఫరీని నర్సింగ్ కోర్సులో కలిపేశారు. గ్రామాల కోసం సహాయక నర్సు-మిడ్‌వైఫ్‌ను, అంటే ఏఎన్ఎంను తెచ్చారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆ ఏఎన్ఎంను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. అప్పటినుంచి ఆమె చేతిలోకి కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. కాన్పు చేతిలోంచి జారిపోయింది. పట్టణ ఆస్పత్రిలో నర్సు సర్టిఫికెట్ మీద ఇప్పటికీ రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని రెండూ ఉంటాయి. ఉద్యోగపు ఉత్తర్వుల్లో మాత్రం స్టాఫ్ నర్స్ అన్న ఒక్కటే ఉంటుంది. ఈ ఏడాది లేబర్ రూమ్, వచ్చే ఏడాది ఎముకల వార్డు, ఆ తర్వాత ఎమర్జెన్సీ. ఎముకల వార్డులో గడిపిన ఏడాదిలో కాన్పుల చెయ్యి మొద్దుబారుతుంది.

కరీంనగర్‌కు ఈ కథలో ప్రత్యేకమైన చోటు ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి ఎంపిక చేసిన ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టినప్పుడు దాని కేంద్రాల్లో కరీంనగర్ ఒకటి. దేశంలోనే సిజేరియన్లు అత్యధికంగా ఉన్న జిల్లాల్లో ఒకదాన్ని అందుకు ఎంచుకోవడం నాకు సరైన ధైర్యంగా తోస్తుంది. 1948లో బొగ్గులకుంటలో రెండు మంచాలతో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి అప్పటికే తన దగ్గర మిడ్‌వైఫ్‌లను తయారుచేసుకుంటోంది. ఆ సంస్థను నడిపిన డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ స్వయంగా ప్రసూతి వైద్యురాలు. మిడ్‌వైఫ్ కోసం అందరికంటే గట్టిగా మాట్లాడింది ఒక డాక్టర్ కావడం గుర్తుపెట్టుకోవలసిన సంగతి. మిడ్‌వైఫ్ వస్తే డాక్టర్ విలువ తగ్గుతుందన్న భయానికి అంతకంటే సూటి జవాబు లేదు. తెలంగాణ ప్రయోగం మొదలైన ఏడాదికి, 2018 డిసెంబరులో, కేంద్ర ఆరోగ్య శాఖ మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పుల యూనిట్లు ఉన్నాయి. అవి విడిగా ఎక్కడో కాకుండా, థియేటరూ నిపుణులూ అందుబాటులో ఉన్న ఆస్పత్రుల్లోనే ఉండాలని కూడా ఉంది. 2023లో వచ్చిన చట్టంతో పాత నర్సింగ్ కౌన్సిల్ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను ఏర్పాటు చేయడం మొదలైంది. అంటే ఢిల్లీలో పేరు స్థిరపడింది. అది లేబర్ రూమ్ గోడ మీది డ్యూటీ చార్టు దాకా రావాలి.

లేబర్ రూమ్‌లో మిడ్‌వైఫ్ వృత్తి ఏమిటో చూడాలంటే ఆమె చేతిలోని కాగితం చూస్తే చాలు. కాన్పు సాగే తీరు నమోదు చేసే పాత పార్టోగ్రాఫ్ స్థానంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన ప్రసవ సంరక్షణ పట్టిక అది. ఎడమ వైపు పైనుంచి కిందికి గమనించాల్సినవి, అడ్డంగా గంటలు. మొట్టమొదటి వరసలు రక్తపోటుకో గుండె చప్పుడుకో కేటాయించలేదు. పక్కన తోడు ఉన్నారా, నొప్పికి ఉపశమనం ఇచ్చారా, తాగడానికి ఏమైనా ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అని అడుగుతాయి. వెల్లకిలా పడుకోబెట్టి ఉంటే అది కూడా హెచ్చరిక కిందే లెక్క. ఆ తర్వాత బిడ్డ: గుండె చప్పుడు నిమిషానికి 110 కంటే తగ్గినా, 160కి చేరినా ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీయాలి. ఉమ్మనీరు రంగు, తల ఉన్న తీరు. ఆ తర్వాత తల్లి నాడి, రక్తపోటు, జ్వరం. గర్భసంచి ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాక ఆరు గంటల పాటు కదలకపోతే హెచ్చరిక. ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరైతే రెండున్నర గంటలకే హెచ్చరిక. అట్టడుగున, తల్లితో మాట్లాడి తీసుకున్న నిర్ణయమేమిటో రాసే గడులు, వాటి కింద పొట్టి అక్షరాల సంతకం. ఈ కాగితం నింపాలంటే మనిషి పక్కన మనిషి ఉండాలి. నాలుగు మంచాల మధ్య పరిగెత్తే చెయ్యి దీన్ని కాన్పు అయ్యాక తీరిగ్గా కూర్చుని నింపుతుంది. అలా నింపిన పట్టికలో గుండ్రాలు ఉండవు, అన్నీ సవ్యంగానే ఉంటాయి. గుండ్రం గీయగల ధైర్యం, గీసిన వెంటనే ఫోన్ తీసి డాక్టర్ను పిలవగల హక్కు, పిలిచిన టైము అదే కాగితం మీద వేయగల స్వేచ్ఛ: ఈ మూడూ కలిసినదే మిడ్‌వైఫ్ వృత్తి గుర్తింపు అని నేనంటాను. యూనిఫాం రంగు, బ్యాడ్జీ ఆ తర్వాతి సంగతులు.

జట్టుగా పనిచేయడం అనే మాట ఆస్పత్రి సమావేశాల్లో తేలిగ్గా దొర్లుతుంది. దాని అసలు రూపం కాన్పు తర్వాతి రక్తస్రావంలో కనిపిస్తుంది. బిడ్డ బయటికి వచ్చాక రక్తం ఆగకపోతే చేతిలో ఉండేది నిమిషాలే. ఇక్కడ నా వాదనకు గట్టి సాక్ష్యం ఆఫ్రికా నుంచి వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో దాదాపు ఎనభై ఆస్పత్రుల్లో రెండు లక్షల మందికి పైగా తల్లుల మీద జరిగిన ఈ-మోటివ్ పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందులో కొత్త మందు ఏదీ లేదు. కాన్పు అయ్యాక నడుము కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి పోయిన రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలిచి తెలుసుకోవడం, హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్ అన్నీ కలిపి జాప్యం లేకుండా ఇవ్వడం, కారణం వెతకడం, అవసరమైతే పైవాళ్ళను పిలవడం. ఇదంతా డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా అక్కడున్న మిడ్‌వైఫ్, నర్సు మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపిన లెక్క మామూలు వైద్యం అందిన ఆస్పత్రులతో పోలిస్తే అరవై శాతం తగ్గింది. రక్తస్రావాన్ని గుర్తించడం ఆ మామూలు వైద్యపు ఆస్పత్రుల్లో సగానికి కాస్త పైన ఉంటే, ఈ పద్ధతి పాటించిన చోట తొంభై శాతం దాటింది. ఆ మందులన్నీ అంతకు ముందూ అక్కడి అలమారలో ఉన్నవే. ఎవరు ముందు కదలాలో, ఎవరి మాటకు ఆగక్కర్లేదో తేలడం వల్ల వచ్చిన ఫలితమిది. ఈ జట్టులో ఆయాకు కూడా పేరుపెట్టి పని అప్పజెప్పాలి: సంచి పరిచేది, రక్తం బ్యాంకుకు పరిగెత్తేది ఆమే. తెలంగాణ ప్రభుత్వం 2022లో సహజ కాన్పులకు ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు డాక్టర్ దగ్గర్నుంచి ఆయా, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త దాకా పంచేలా పెట్టడం ఈ విషయాన్ని గుర్తించినట్టే. ఆ ఆలోచన మంచిదే. కాకపోతే సహజ కాన్పుల సంఖ్యకు డబ్బు ముడిపెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఎంత దూరం వెళ్ళగలదో ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది.

మిడ్‌వైఫ్‌లను నిలబెట్టాలనేవాళ్ళందరూ ఎదుర్కోవలసిన అతి బలమైన అభ్యంతరం బారో-ఇన్-ఫర్నెస్ నుంచి వస్తుంది. వాయవ్య ఇంగ్లండ్‌లో ద్వీపకల్పం చివర, జలాంతర్గాములు కట్టే ఊరు అది. అక్కడి ఫర్నెస్ జనరల్ ఆస్పత్రి ప్రసూతి విభాగంలో 2004-13 మధ్య జరిగిన మరణాల మీద డాక్టర్ బిల్ కిర్కప్ నాయకత్వాన సాగిన విచారణ 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. సరైన వైద్యం అంది ఉంటే ఒక తల్లి, పదకొండు మంది బిడ్డలు బతికేవారని అది తేల్చింది. కారణాల్లో ఒకటి సూటిగా మిడ్‌వైఫ్‌ల గురించే. అక్కడ ఒక చిన్న బృందం ఏదేమైనా సహజ కాన్పే కావాలనే పట్టుదలకు పోయింది. ప్రమాదం ఉన్న గర్భిణులను కూడా తమ దగ్గరే ఉంచుకుంది. ప్రసూతి వైద్యులకూ మిడ్‌వైఫ్‌లకూ మాటలు సరిగా లేవు. పిల్లల డాక్టర్లకు చెప్పాల్సినవి చెప్పలేదు. తప్పు జరిగాక లోలోపలే సర్దుకున్నారు. బ్రిటన్ మిడ్‌వైఫ్‌ల వృత్తి సంఘం అప్పటిదాకా నడిపిన సహజ ప్రసవ ప్రచారాన్ని 2017 నాటికి ఆపేసింది. 1902లోనే మిడ్‌వైఫ్‌ల చట్టం చేసుకుని, శతాబ్దానికి పైగా ఆ వృత్తిని గౌరవించిన దేశంలోనే ఇలా జరిగితే, మన లేబర్ రూముల్లో ఈ గుర్తింపు ఎందుకు తేవాలని అడగడం న్యాయమైన ప్రశ్నే.

నేను ఆ నివేదికను మిడ్‌వైఫ్‌కు వ్యతిరేక సాక్ష్యంగా కాకుండా నా వాదనకే సాక్ష్యంగా చదువుతాను. బారోలో లోపించింది వృత్తి గుర్తింపు కాదు, హద్దు. పొలానికి గట్టు లేకపోతే తగాదా వస్తుంది, గట్టు మరీ ఎత్తుగా కడితే పక్క మడికి నీరు పారదు. రెండు మళ్ళకూ నీరందాలంటే గట్టూ ఉండాలి, దానికి మడవా ఉండాలి. ఫలానా లక్షణం కనిపిస్తే ఈ కేసు నాది కాదు, మీదీ నాదీ కలిపి, అని ముందే రాసి పెట్టుకున్న హద్దు మిడ్‌వైఫ్‌ను చిన్నబుచ్చదు. ఆమె వృత్తిలో అదే నిపుణమైన భాగం. బీపీ 140కి చేరింది, డాక్టర్ను పిలుస్తున్నాను అనడం ఓటమి కాదు. పిలిచినప్పుడు డాక్టర్ ‘ఎందుకు పిలిచావు, ఆ మాత్రం చూసుకోలేవా’ అని కసిరితే మాత్రం తర్వాతిసారి ఆమె ఒక గంట ఆలస్యంగా పిలుస్తుంది. బారోలో ఆ గంటల విలువ పసిప్రాణాలు. కనుకనే సహజ కాన్పుల సంఖ్యను బట్టి మిడ్‌వైఫ్‌ను మెచ్చుకోవడం సరికాదనుకుంటాను. ఆమె ఎప్పుడు పిలిచింది, పిలుపు అందాక ఎంతసేపటికి జవాబు వచ్చింది అన్నవి లెక్కపెట్టాలి. ప్రోత్సాహకం ఇస్తే అందుకివ్వాలి.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. దాన్ని అహంకారం అని కొట్టిపారేయడం అన్యాయం. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచీ ఏ కాన్పు చెడినా నోటీసులో మొదట ఉండేది ప్రసూతి వైద్యురాలి పేరు. బిడ్డ పోతే అద్దాలు పగిలేది ఆమె గది ముందే. ఆమె చూడని పన్నెండు గంటలకు ఆమె జవాబుదారీ అయినప్పుడు, ఆ గంటల్ని తనకు తెలిసిన థియేటర్‌లో ముగించాలనుకోవడం మనిషికి సహజం. అందుకే మిడ్‌వైఫ్ సంతకం డాక్టర్కు కూడా రక్షణే అంటాను. ఏ గంటకు ఎవరు చూశారు, ఏం కనిపించింది, ఎవరికి చెప్పారు అని పట్టిక మీద వరసగా ఉంటే బాధ్యత పంచుకున్నట్టు రుజువు ఉంటుంది. నోటిమాటగా చెప్పుకున్నదానికి కోర్టులో నిలిచే రూపం ఉండదు. బాధ్యత పంచాలంటే అధికారం కూడా పంచాలి. ప్రమాదం లేని కాన్పును తన సంతకంతో చేర్చుకునే, తన సంతకంతో ఇంటికి పంపే అధికారం మిడ్‌వైఫ్‌కు ఇవ్వకుండా, తప్పు జరిగినప్పుడు మాత్రం ఆమెను ముందుకు తోసే పద్ధతిని ఏ నర్సూ ఒప్పుకోకూడదు.

అసలే నర్సులు చాలక అల్లాడుతుంటే కొంతమందిని లేబర్ రూమ్‌కే కట్టేస్తే మిగతా వార్డుల గతేమిటని సూపరింటెండెంట్లు అడుగుతారు. వాళ్ళ ఇబ్బంది నిజమైనదే. కానీ పద్దెనిమిది నెలలు ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇప్పించి, ఆ మనిషిని డయాలసిస్ వార్డుకు పంపడం కంటే పెద్ద వృథా ఏముంటుంది? 2022 నాటికే రాష్ట్రంలో రెండు వందల మందికి పైగా ఈ శిక్షణ పూర్తి చేసుకున్నారు. పేరున్న పోస్టు, వేరే క్యాడర్, దానికో ప్రమోషన్ మెట్టు లేకపోతే ఈ రెండు వందల మందీ సర్టిఫికెట్ ఉన్న స్టాఫ్ నర్సులుగానే మిగులుతారు. మిడ్‌వైఫరీలోనే కొనసాగితే ప్రమోషన్ రాదని తెలిసిన మనిషి ఎన్నాళ్ళు ఉంటుంది? కలెక్టర్ మారినా, సూపరింటెండెంట్ మారినా, మంత్రి మారినా నిలబడాలంటే అది ప్రభుత్వ ఉత్తర్వులో ఉండాలి.

అంతర్జాతీయ పరిశోధనను ఎంతవరకు నమ్మాలన్నదీ నిజాయితీగా చెప్పాలి. గర్భం దగ్గర్నుంచి బాలింతదనం దాకా తెలిసిన మిడ్‌వైఫ్‌లే చూసుకునే పద్ధతి మీద వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష 2016లో పదిహేను పరీక్షలు, పదిహేడు వేల మందికి పైగా తల్లుల వివరాలు కూర్చి, నెలలు నిండక ముందే కాన్పులు తగ్గుతాయని చెప్పింది. 2024లో దాన్ని తిరగరాసినప్పుడు ఆ ఫలితం అంత బలంగా నిలబడలేదు. సహజ కాన్పులు కొంత పెరగడం, సిజేరియన్లు కొద్దిగా తగ్గడం, తల్లులకు మంచి అనుభవం మాత్రం నిలిచాయి. ఆ పరీక్షలు ఎక్కువగా జరిగింది సంపన్న దేశాల్లో. కాబట్టి మిడ్‌వైఫ్‌లు వచ్చిన మర్నాడే తెలంగాణ సిజేరియన్ల శాతం 60.7 నుంచి సగానికి పడిపోతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టి కోయించుకునే కుటుంబాలు ఉన్నాయి. నొప్పుల భయం ఉంది. పాపం, ఆ భయం అకారణం కూడా కాదు: తోడు లేకుండా, బట్ట సరిగా కప్పకుండా, ‘అరవకు’ అని గద్దిస్తూ చేయించే కాన్పు గురించి విని ఉన్న అమ్మాయి ఆపరేషన్ కోరుకుంటే తప్పు ఆమెదా? ప్రైవేటు ఆస్పత్రుల సంగతి మిడ్‌వైఫ్ ఒక్కతే తేల్చగలిగేది కాదు. వాటికి ఆడిట్ కావాలి, ఆడిట్ ఫలితాలు జనానికి తెలియాలి. అయినా ప్రభుత్వాస్పత్రిలో మొదటి కాన్పు మర్యాదగా, భయం లేకుండా జరిగితే అక్క చెల్లెలికి, కోడలు తోటికోడలికి చెప్పే మాట మారుతుంది. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ తోడు కుర్చీ వేయించేది, అమ్మనో అత్తనో లోపలికి పిలిచేది, పిలిచాక ఆమెకు పని చెప్పేది మిడ్‌వైఫే.

కరీంనగర్ నుంచి తిరుగు దారిలో సిద్దిపేట, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట ఎక్కడ ఆగినా బోర్డుల మీద డాక్టర్ల పేర్లే ఉంటాయి. అది మారడానికి ఎన్నేళ్ళయినా పట్టవచ్చు, దాని కోసం ఎవరూ కంగారు పడనక్కర్లేదు. లేబర్ రూమ్ డ్యూటీ చార్టు మారడానికి మాత్రం ఒక ఉత్తర్వు చాలు. ప్రభుత్వం మిడ్‌వైఫ్ పోస్టును పేరుపెట్టి మంజూరు చేయాలి, శిక్షణ పొందినవాళ్ళను ఇతర వార్డులకు తిప్పడం ఆపాలి, ప్రమాదం లేని కాన్పుల్లో వాళ్ళ సంతకానికి చెల్లుబాటు ఇవ్వాలి. ప్రసూతి వైద్యుల సంఘాలు ఈ కోరికను అడ్డుకోకుండా తామే ముందుండి అడగాలి. ఇక ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతుంటే, ప్రభుత్వాస్పత్రైనా ప్రైవేటైనా, చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: నొప్పులు మొదలయ్యాక పక్కనుండే మనిషి ఎవరు, ఆమె పిలిస్తే ఎంతసేపట్లో ఏ డాక్టర్ వస్తారు? జవాబుగా రెండు పేర్లు చెప్పించుకుని కేస్ షీట్ మీద రాయించండి.